190/110: మోకాలి ఆపరేషన్‌ను ఆపబోయిన ఒక రీడింగ్

ఇది ఒకే మనిషి కేసు కాదు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్లు చేసే పరీక్షలో (పీఏసీ) పదేపదే ఎదురయ్యే విషయాలను ఒక రోగిలో కూర్చి రాసింది. అంకెలు బోధన కోసం ఎంచుకున్నవే అయినా, ఏ ఓపీలో చూసినా ఇలాంటివే కనిపిస్తాయి.

రోగి 62 ఏళ్ల మహిళ. ఎత్తు 152 సెం.మీ., బరువు 74 కిలోలు. కుడి మోకాలి కీలు పూర్తిగా అరిగిపోయింది, ఎక్స్‌రేలో నాలుగో గ్రేడ్. కీలు మార్పిడికి మూడు వారాల తర్వాతి తేదీ ఇచ్చి పీఏసీకి పంపారు. ఆరేళ్లుగా బీపీ ఉంది, ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. రోజుకొకటి వాడాలి. షుగర్, గుండె జబ్బు, పక్షవాతం లేవు.

ఉదయం 11:20కి ట్రయాజ్‌లో (డాక్టర్ కంటే ముందు చూసే చోట) సిస్టర్ రాసిన బీపీ 190/110. దాని కింద ఎర్ర సిరాతో ‘ఫిజీషియన్ ఒపీనియన్, సర్జరీ డిఫర్’ అని రాశారు, అంటే ఫిజీషియన్‌కు చూపించాలి, ఆపరేషన్ వాయిదా. పక్కనే ఉన్న కొడుకు అడిగింది ఒక్కటే. “సార్, ఇంటి దగ్గర ఎప్పుడు చూసినా 140, 145 దాటదు. ఇంకొక్కసారి చూస్తరా?”

కొన్ని చోట్ల ఈ ప్రశ్న అడిగితే ముఖాలు మాడిపోతాయి. నిజానికి మందు రాయడానికైనా, తేదీ మార్చడానికైనా ముందు డాక్టరే వేసుకోవాల్సిన ప్రశ్న అది.

ఆ అంకె ఎలా పుట్టింది

ముందుగా కనబడేది రెండు అంకెల చివరా ఉన్న సున్నా. పంపు కొట్టి గాలి వదిలే మిషన్‌లో ముల్లు 2 పాయింట్ల గీతల మీద కదులుతుంది. పైదీ కిందదీ రెండూ సున్నాతో ముగిశాయంటే హడావుడిలో దగ్గరి గుండ్రటి అంకెకు సర్ది రాసి ఉండవచ్చు. అది ఒక్కటే పెద్ద తప్పేమీ కాదు, కానీ మిగతాది ఎలా జరిగిందో అడగాలన్న సూచన.

అడిగితే తేలింది ఇది. ఆమె పరీక్ష మంచం అంచున కూర్చున్నారు. వీపుకు ఆనుడు లేదు, కాళ్లు గాలిలో వేలాడుతున్నాయి. చెయ్యి పక్కకు వదిలేసి ఉంది. బ్లౌజు చెయ్యి పైకి మడిచారు, మడత జబ్బను బిగించి పట్టుకుంది. కఫ్ (జబ్బకు చుట్టే పట్టీ) మామూలు సైజు. కొలుస్తుండగానే “ఎక్కడి నుంచి వచ్చారమ్మా, ఎవరు తీసుకొచ్చారు” అని మాటలు నడిచాయి. లిఫ్ట్ దగ్గర జనం ఉన్నారని ఒక అంతస్తు మెట్లెక్కి వచ్చారు, అదీ ఆ మోకాలితో. నొప్పి పదికి ఏడు అని చెప్పారు. చివరగా, మొహమాటంతో ఎవరూ చెప్పనిది: తెల్లవారుజామున ఇంట్లో బయల్దేరాక ఆమె మూత్రానికి వెళ్లలేదు. ఓపీలో ఉన్నది ఇండియన్ టాయిలెట్. వంగని మోకాలితో అందులో కూర్చోలేరు.

కఫ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ ఆసుపత్రుల్లో తప్పు అక్కడే మొదలవుతుంది. కఫ్ లోపలి గాలి సంచి పొడవు జబ్బ చుట్టుకొలతలో కనీసం 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. మామూలు పెద్దల కఫ్ 27 నుంచి 34 సెం.మీ. జబ్బకు పనికొస్తుంది. 35 నుంచి 44 వరకు లార్జ్ కఫ్ కావాలి. ఈమె జబ్బ భుజానికీ మోచేతికీ మధ్యలో టేపుతో కొలిస్తే 36 సెం.మీ. చిన్న సంచి లావు చేతి రక్తనాళాన్ని సరిగా నొక్కలేదు, దాన్ని మూయడానికి ఎక్కువ గాలి కావాలి, ఆ ఎక్కువే బీపీగా నమోదవుతుంది. జాన్స్ హాప్కిన్స్ బృందం 2023లో ప్రచురించిన ప్రయోగంలో లార్జ్ కఫ్ కావాల్సినవారికి మామూలు కఫ్ కడితే పై అంకె సగటున 5 పాయింట్లు, ఎక్స్‌ట్రా లార్జ్ కావాల్సినవారికి కడితే దాదాపు 20 పాయింట్లు ఎక్కువ వచ్చింది. చెయ్యి ఎక్కడ పెట్టారన్న దాని మీద అదే సంస్థ నుంచి 2024లో వచ్చిన ప్రయోగంలో చెయ్యి పక్కకు వేలాడితే పైది 6 నుంచి 7 పాయింట్లు, ఒడిలో పెట్టుకుంటే 4 పాయింట్లు పెరిగింది. దీని వెనక ఉన్నది మామూలు భౌతికశాస్త్రమే. కఫ్ గుండె మట్టానికి 10 సెం.మీ. కిందికి దిగితే ఆ ఎత్తు రక్తపు బరువు 7, 8 పాయింట్లుగా కలుస్తుంది.

మాట్లాడటం, నిండిన మూత్రాశయం, ఆనుడు లేని వీపు, నొప్పి, ఇవన్నీ పెంచేవే. అలాగని ఒక్కో తప్పుకు ఇన్ని పాయింట్లని కూడి, 190 లోంచి తీసేసి “అసలు బీపీ 140” అని రాసుకోకూడదు. ఈ తప్పులు ఒకదాని మీద ఒకటి అలా పేర్చినట్టు కలవవు, మనిషిని బట్టి మారతాయి. మళ్లీ కొలవడం తప్ప దారి లేదు.

మళ్లీ కొలిచిన తీరు

వార్డులోని వెస్టర్న్ టాయిలెట్‌కు వీల్‌చైర్‌లో పంపారు. తర్వాత వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా కూర్చోబెట్టారు. మడిచిన బ్లౌజు చెయ్యి బిగుతుగా ఉంది కాబట్టి పక్కన తెర లాగి ఆ చెయ్యి పూర్తిగా తీయించారు. చెయ్యి బల్ల మీద, కఫ్ మధ్యభాగం రొమ్ము ఎముక నడిమికి సమానంగా. లార్జ్ కఫ్. కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన. ఐదు నిమిషాలు గడియారం చూసి నిశ్శబ్దం. కొడుకును బయట కూర్చోమన్నారు, ఆయనకూ అది ఇష్టమే.

మొదట రెండు చేతుల్లోనూ చూశారు. కుడి 162, ఎడమ 168. తేడా 10 లోపే కాబట్టి రక్తనాళం సన్నబడిందన్న అనుమానం లేదు. ఎక్కువ వచ్చిన ఎడమ చేతికే ఆ తర్వాతి కొలతలన్నీ. నిమిషం గ్యాప్‌తో మూడు: 168/96, 162/94, 158/92. మొదటిది వదిలేసి చివరి రెండింటి సగటు 160/93. నాడి 84, క్రమంగా ఉంది. నాడి తప్పుతుంటే ఆటోమేటిక్ మిషన్‌ను నమ్మకుండా స్టెత్‌తో మూడుసార్లు వినాలి, ఈమెకు ఆ అవసరం రాలేదు.

190/110 కాస్తా 160/93 అయింది. కొడుకు అన్నది సగమే నిజమైంది. మొదటి అంకె తప్పే, కానీ బీపీ అదుపులో ఉందన్న మాటా తప్పే. ‘ఇంట్లో బాగానే ఉంటుంది’ అన్నారని చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

‘ఇయాల గోలీ వేసుకోలే’

“పరగడుపున రమ్మన్నరు కదా సారూ, అందుకే గోలీ వేసుకోలే.” రక్తపరీక్షకు ఖాళీ కడుపుతో రమ్మంటే బీపీ మాత్ర కూడా మానేసి రావడం మన దగ్గర మామూలే. రమ్మన్నప్పుడే “గుక్కెడు నీళ్లతో బీపీ మాత్ర వేసుకుని రండి” అని ఒక ముక్క చెబితే సరిపోతుంది, ఆ ముక్క చెప్పేవాళ్లే తక్కువ.

కానీ ఇక్కడ ఆ కారణం నిలబడదు. ఆమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. ఒక పూట మానేసినంత మాత్రాన బీపీ ఇంత పైకి పోదు. క్లోనిడిన్ అయితే వేరు, ఒక రోజు ఆపినా ఎగదన్నుతుంది. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లనూ హఠాత్తుగా ఆపకూడదు. మందు పేరు తెలియకుండా “మాత్ర వేసుకోలేదు కదా, అందుకే” అని సరిపెట్టుకుంటే అసలు కారణం దాక్కుంటుంది.

సంచిలోని స్ట్రిప్పులు బల్ల మీద పెట్టించారు. పీహెచ్‌సీలో 35 రోజుల కిందట ఇచ్చిన 30 మాత్రల్లో 13 మిగిలాయి. అంటే 35 రోజుల్లో 17. గుచ్చి అడిగితే, “బీపీ నార్మల్‌కొచ్చింది కదా అని దినం తప్పి దినం వేస్తున్న” అన్నారు. “మందులు రోజూ వాడుతున్నారా” అంటే చాలామంది అవుననే అంటారు. స్ట్రిప్పు లెక్కపెడితే నిమిషం పట్టదు.

అదే సంచిలో ఇంకో స్ట్రిప్పు ఉంది: ఏసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. మెడికల్ షాపులో కొని మూడు నెలలుగా రోజుకు రెండు. మోకాలి నొప్పి ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉంటుంది, ‘మందుల’ లెక్కలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ జాతి నొప్పి మాత్రలు కిడ్నీ ఉప్పును బయటికి పంపే పనిని తగ్గిస్తాయి, ఒంట్లో నీరు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది. టెల్మిసార్టాన్, ఎనాలప్రిల్ లాంటి బీపీ మందుల పనిని ఇవి ఎక్కువగా దెబ్బతీస్తాయి. ఆమ్లోడిపిన్‌ను అంతగా కాదు. అయినా మూడు నెలలు, రోజుకు రెండు అంటే వదిలేసే విషయం కాదు. జలుబు మాత్రల్లోని ఫినైల్‌ఎఫ్రిన్, కషాయాల్లో రోజూ పడే అతిమధురం, స్టెరాయిడ్ ‘బలం’ మాత్రలు కూడా ఈ కోవలోవే. అడిగారు, ఈమెకు అవి లేవు.

ఆపాలా, వద్దా

బ్రిటన్‌లోని మత్తు వైద్యుల సంఘం, బ్రిటిష్ హైపర్‌టెన్షన్ సొసైటీ కలిసి 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ చేతికందే కొలమానం. గత 12 నెలల్లో కుటుంబ వైద్యుడి దగ్గర బీపీ 160/100 కంటే తక్కువ ఉన్నట్టు కాగితం ఉంటే, ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో మళ్లీ కొలిచి భయపడాల్సిన పని లేదు. అలాంటి కాగితం లేకపోతే పీఏసీలో సరిగా కొలిచినది పైది 180, కిందది 110 కంటే తక్కువ ఉంటే అత్యవసరం కాని ఆపరేషన్‌కు కూడా ముందుకెళ్లవచ్చు.

పీహెచ్‌సీ కార్డు అడిగితే కవర్ అడుగున దొరికింది. ఏడు నెలల కిందట 152/90, నాలుగు నెలల కిందట 148/88. కొలమానం ప్రకారం ఆ కార్డు ఒక్కటే చాలు. 160/93 కూడా గీత లోపలే ఉంది.

గుండె, కిడ్నీ, మెదడు దెబ్బతిన్న గుర్తులు ఉన్నాయేమో చూశారు. ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక లేవు. ఈసీజీలో ఎడమ జఠరిక (గుండె ఎడమ కింది గది) మందం లేదు, క్రియాటినిన్ 0.9, పొటాషియం 4.2, మూత్రంలో ప్రొటీన్ లేదు. చేతి నాడి, తొడ నాడి ఒకేసారి కొడుతున్నాయి. ఉండుండి తలనొప్పి, చెమటలు, దడ కలిసి రావడం లేదు. వీటిలో ఏదైనా తేడాగా ఉండి ఉంటే 160 వచ్చినా ఆపాల్సి వచ్చేది, అంకె ఒక్కటే చూడకూడదన్నది ఇందుకే.

కాబట్టి తేదీ మార్చలేదు. అలాగని సంతకం పెట్టి పంపించేయనూ లేదు, చేతిలో మూడు వారాలున్నాయి. ఆమ్లోడిపిన్ 5 రోజూ ఒకే వేళకు. ఏసిక్లోఫెనాక్ పూర్తిగా బంద్. నొప్పికి పారాసిటమాల్ 650 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, గోరువెచ్చటి కాపడం, చేతికర్ర. కొత్త బీపీ మందు రాయలేదు. సగం రోజులు మాత్ర మింగని మనిషికి ఇంకో మందు కలిపి రాస్తే, ఆసుపత్రిలో చేరాక సిస్టర్ రెండూ సరిగ్గా మింగిస్తుంది. వెన్నులో మత్తు ఇచ్చిన నిమిషంలో బీపీ పాతాళానికి పోతుంది.

ఇలాంటి అంకె చూడగానే నిఫెడిపిన్ క్యాప్సూల్‌కు సూదితో పొడిచి నాలుక కింద పిండే అలవాటు ఇంకా కొన్ని చోట్ల పోలేదు. బీపీ ఎంత పడుతుందో, ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. పక్షవాతం, గుండెపోటు వచ్చిన కేసులు బయటపడి 1990లలోనే గట్టి హెచ్చరికలు వచ్చాయి. కాగితం మీద అంకె అందంగా కనబడటానికి తప్ప అది దేనికీ పనికిరాదు. ఆపరేషన్‌కు ముందు కొత్తగా బీటా బ్లాకర్ మొదలుపెట్టడం కూడా అంతే. 2008లో వచ్చిన పాయిజ్ ప్రయోగంలో 8,000 మందికి పైగా రోగుల మీద అది తేలింది: గుండెపోట్లు తగ్గాయి, మరణాలు, పక్షవాతాలు పెరిగాయి.

ఇంటి లెక్క

జబ్బకు కట్టే ఆటోమేటిక్ మిషన్, దానికి విడిగా దొరికే లార్జ్ కఫ్ తెప్పించారు. మణికట్టు మిషన్ వద్దన్నారు. అప్పటిదాకా ఇంట్లో 140 చూపించింది పక్కింటివాళ్ల మణికట్టు మిషనే, మంచంలో పడుకుని చెయ్యి పొట్ట మీద పెట్టుకుని చూసేవారట.

కొలతలు మర్నాడే మొదలుపెట్టలేదు. ఆమ్లోడిపిన్ ఒంట్లో నిలకడ స్థాయికి రావడానికి వారం, ఎనిమిది రోజులు పడుతుంది. తొమ్మిదో రోజు నుంచి ఏడు రోజులు. ఉదయం మాత్రకు ముందు రెండు, రాత్రి భోజనానికి ముందు రెండు, మధ్యలో నిమిషం. మొత్తం 28. మొదటి రోజు నాలుగూ కొట్టేసి మిగిలిన 24 సగటు కట్టాలి. నోటుపుస్తకంలో నచ్చినవి రాసి నచ్చనివి వదిలేసే అలవాటుంది కాబట్టి మిషన్ మెమరీలోనే చూశారు. సగటు 138/84.

ఇంటి కొలతకు హద్దు 135/85, క్లినిక్ లెక్క 140/90 కాదు. ఆ హద్దు ప్రకారం ఇంకా కొంచెం ఎక్కువే. ఆపరేషన్ తర్వాత ఫిజీషియన్ చూసుకోవాల్సిన విషయం అది. మోకాలి ఆపరేషన్‌కు మాత్రం అడ్డు కాదు.

థియేటర్‌లో ఈ అంకె ఎందుకు అక్కరకొచ్చింది

మొదటి రీడింగ్‌ను ప్రశ్నించడం తేదీ నిలబెట్టుకోవడానికే అనుకుంటారు. అంతకన్నా పెద్ద ప్రయోజనం మత్తు ఇచ్చాక ఉంది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపు సగటు ధమని పీడనాన్ని (కింది అంకెకు, రెండు అంకెల తేడాలో మూడో వంతు కలిపితే వచ్చేది) రోగి మామూలు స్థాయి నుంచి 20 శాతం కంటే కిందికి పోనివ్వకుండా చూస్తారు. మామూలు స్థాయి అంటే ఏది? 190/110ని నమ్మితే సగటు పీడనం 137, అందులో 80 శాతం 109. ఇంటి 138/84 ప్రకారం సగటు 102, అందులో 80 శాతం 82. 27 పాయింట్ల తేడా. తప్పు అంకెను పట్టుకుంటే 109 నిలపడం కోసం బీపీ పెంచే ఫినైల్‌ఎఫ్రిన్ ఎక్కిస్తూనే ఉండాలి, టోర్నికే (రక్తం రాకుండా తొడకు బిగించే పట్టీ) వదిలాక రక్తం ఎక్కువ పోతుంది.

ఆపరేషన్ రోజు ఉదయం 6 గంటలకు గుక్కెడు నీళ్లతో ఆమ్లోడిపిన్ ఇచ్చారు. టెల్మిసార్టాన్ వాడేవారైతే ఆ ఉదయం మోతాదు ఆపడం చాలా చోట్ల ఆనవాయితీ. 2024లో వచ్చిన స్టాప్-ఆర్-నాట్ ప్రయోగంలో ఆపినా ఆపకున్నా ప్రమాదాలు ఒకేలా ఉన్నాయి, ఆపనివారిలో మత్తులో బీపీ పడిపోవడం ఎక్కువ.

థియేటర్ బయట బీపీ 174/92. చేతిలో 24 రీడింగులు లేకపోతే కేసు ఇక్కడ ఆగిపోయేదే. దుప్పటి కప్పి, ఏం చేయబోతున్నారో తెలుగులో చెప్పి, ఆందోళన తగ్గించే మిడజోలమ్ 1 మి.గ్రా. ఇచ్చారు. పావుగంటకు 156/88.

నడుము దగ్గర వెన్నెముకలో ఎల్ 3, 4 ఎముకల మధ్య 0.5 శాతం హెవీ బూపివకెయిన్ అనే మత్తు మందు 2.6 మి.లీ. ఆరో నిమిషంలో 108/62, సగటు 77. హద్దు 82 కంటే కింద. నాడి 80 ఉంది కాబట్టి ఫినైల్‌ఎఫ్రిన్ 50 మైక్రోగ్రాములు, రెండు నిమిషాలకు ఇంకో 50. నాడి 60 లోపు ఉంటే దానికి బదులు మెఫెంటర్మిన్ 6 మి.గ్రా. నయం, ఫినైల్‌ఎఫ్రిన్ నాడిని ఇంకా తగ్గిస్తుంది. తర్వాత 126/72 దగ్గర నిలబడింది.

టోర్నికే లెక్కా దీని మీదే. తొడకు పై బీపీ మీద 100 నుంచి 150 పాయింట్లు కలిపి బిగిస్తారు. అప్పటి 126ను బట్టి 250 పెట్టారు. కేస్‌షీట్‌లోని 190 చూసి పెట్టి ఉంటే 300 దాటేది, కండరం మీద, నరం మీద అక్కర్లేని ఒత్తిడి.

వార్డులో తప్పుదారి పట్టించబోయిన రెండో రీడింగ్

ఆపరేషన్ అయిన నాలుగు గంటలకు వార్డు నుంచి ఫోన్: “బీపీ 182/98, ఏం ఇవ్వమంటారు?” నొప్పి తెలియకుండా తొడలో ఇచ్చిన నరం బ్లాక్ పనిచేస్తోంది, నొప్పి పదికి రెండే. సిస్టర్‌ను పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూడమన్నారు. గట్టిగా ఉబ్బి ఉంది. వెన్ను మత్తు తర్వాత మూత్రం బిగబట్టుకుపోవడం తరచూ జరిగేదే. గొట్టం వేస్తే 650 మి.లీ. వచ్చింది. ఇరవై నిమిషాలకు 150/86. మందు ఇవ్వలేదు.

డిశ్చార్జి చీటీలో మాత్రం ఇంకో మాట మిగిలింది. కీలు మార్పిడి చేయించుకున్న అందరికీ అచ్చులో వచ్చే మందుల వరుసలో ఎటోరికాక్సిబ్ (ఏసిక్లోఫెనాక్ జాతి నొప్పి మాత్రే) 90 మి.గ్రా. పది రోజులు అని ఉంది. బీపీ 140/90 పైన ఉండి అదుపులో లేనివారికి దాన్ని ఇవ్వకూడదని యూరప్ మందుల సంస్థ 2008లోనే చెప్పింది. ఆ వరుస కొట్టేసి పారాసిటమాల్ 650 మి.గ్రా. రోజుకు నాలుగుసార్లు, అవసరమైతేనే ట్రమడాల్ 50 మి.గ్రా. అని రాశారు. చీటీ కింద తెలుగులో: ‘బీపీ మాత్ర రోజూ. నొప్పి మాత్ర షాపులో అడిగి కొనొద్దు. ఆరు వారాలకు మిషన్‌తో సహా రావాలి.’